స్లాబ్ పోశాక గొడవలెందుకు? కాంట్రాక్టర్‌ని ముందే పిలవండి

(తెరపై: గుంటూరు కొత్తపేట, ఆసుపత్రుల బోర్డులు)

కొత్తపేటలో నాలుగంతస్తుల నర్సింగ్ హోమ్ కట్టాలనుకున్నారు. మామూలుగా ఏం చేస్తారండీ? ఆర్కిటెక్ట్‌తో ప్లాన్లు గీయించి, నలుగురి దగ్గర కొటేషన్లు తీసుకుని, చదరపు అడుగుకి ఎవరు తక్కువ చెబితే వాళ్లకి ఇస్తారు. తక్కువకి ఒప్పుకున్నాయన ఎక్స్‌ట్రా వర్క్ బిల్లుల్లో రాబట్టుకుంటాడు.

(తెరపై: స్లాబ్ కింద, బీమ్ దగ్గరగా)

ఇదిగో, ఆపరేషన్ థియేటర్ ఏసీ డక్ట్ వెళ్లాల్సిన చోట బీమ్ అడ్డం. డక్ట్ ఒక డ్రాయింగ్‌లో, బీమ్ ఇంకో డ్రాయింగ్‌లో. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. డక్ట్ దించితే సీలింగ్ ఎత్తు పోతుంది, బీమ్‌కి రంధ్రం కొట్టడానికి ఇంజినీర్ ఒప్పుకోడు. ఖర్చు మీ నెత్తినే.

డిజైన్ అవుతుండగానే కట్టేవాణ్ణి కూర్చోబెడితే ఇది కాగితం మీదే తేలిపోతుంది. మన నల్లరేగడి సంగతే చూడండి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు భూమిలోకి వేయాలా, వేరే పునాదా? సాయిల్ టెస్ట్ రిపోర్టుతో పాటు, అదే పేటలో పునాదులు తీసినాయన మాట కూడా డ్రాయింగ్‌కి ముందే వినాలి.

ఇలా ముందే పిలవడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఒకటి డిజైన్-బిల్డ్. ఇందులో గీసేదీ కట్టేదీ ఒకే సంస్థ. పని త్వరగా నడుస్తుంది. కానీ ఆర్కిటెక్ట్ వాళ్ల మనిషి, మీ తరఫున వేరే ఇంజినీర్ ఉండి తీరాలి.

నాకు ఎక్కువ నచ్చేది కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ఎట్ రిస్క్. ఆర్కిటెక్ట్ మీ మనిషే. కాంట్రాక్టర్ డిజైన్ దశలోనే ఫీజుకి వచ్చి ఎస్టిమేట్లు వేస్తూ ఉంటాడు. డ్రాయింగులు ఒక కొలిక్కి వచ్చాక గరిష్ఠ ధరకి గ్యారంటీ ఇస్తాడు. అయిన ఖర్చు, ప్లస్ అతని ఫీజు మీరిస్తారు. ఆ ధర దాటితే అతనిదే భారం, మిగిలితే అగ్రిమెంట్‌లో రాసుకున్నట్టు పంచుకుంటారు. సిమెంటు, స్టీలు బిల్లులన్నీ మీ ముందుంటాయి. మీరే గదులు పెంచమంటే మాత్రం ఆ ధర మారుతుంది సుమా!

(తెరపై: కాన్‌బెర్రా, నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆస్ట్రేలియా)

ఇంకా ముందుకెళితే యజమాని, ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్ అందరికీ లాభనష్టాలన్నీ ఉమ్మడి, దాన్నే అలయన్స్ అంటారు. 2001లో తెరిచిన ఈ మ్యూజియాన్ని అలాంటి అలయన్స్ ఒప్పందంతోనే కట్టారు. నర్సింగ్ హోమ్‌కి అంత అక్కర్లేదు.

సంతకం పెట్టేముందు ఒక్కటి రాయించుకోండి. గరిష్ఠ ధర కుదరకపోతే, ఫీజు ఇచ్చేసి ఆ డ్రాయింగులతోనే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లే హక్కు మీకుండాలి.