వజ్రపు పూతకు ఆ నునుపు ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం. వజ్రం అనగానే మనకు మెరుపు గుర్తొస్తుంది, వెంటనే ధర. యంత్రాలతో పనిచేసేవాళ్లకు మాత్రం వజ్రం ఒక పూత. పంపు సీళ్ల మీద, డ్రిల్లు బిట్ల మీద, తీగలు లాగే అచ్చుల లోపల కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన అసలు వజ్రాన్నే పెంచుతారు.

దీనికి గనితో పనిలేదు. గాలి తీసేసిన గదిలోకి హైడ్రోజన్ పంపి, అందులో నూటికి ఒక పాలు మీథేన్ కలుపుతారు. లోపల టంగ్‌స్టన్ తీగ 2000 డిగ్రీలకు పైగా కాలుతుంటుంది. ఆ వేడికి వాయువులు విడిపోయి, కిందనున్న పనిముట్టు మీద కార్బన్ పేరుకుంటుంది. గ్రాఫైట్‌గా, అంటే పెన్సిల్ ములుకులో ఉండే మెత్తని కార్బన్‌గా మారబోయిన దాన్ని హైడ్రోజన్ తినేస్తుంది, వజ్రం నిలుస్తుంది.

ఇలా పెరిగిన పూతను సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ మొనలే. మొదట్లో ఎదుటి లోహాన్ని అది గీకి పారేస్తుంది. రాసుకుంటున్నకొద్దీ మొనలు అరిగి నునుపెక్కుతుంది. అప్పుడు ఘర్షణ గుణకం, అంటే రాపిడి ఎంతో చెప్పే అంకె, 0.1 కంటే కిందికి దిగుతుంది. నూనె లేకుండా ఉక్కు మీద ఉక్కు రుద్దితే అది 0.6 దాకా ఉంటుంది.

గట్టిది కాబట్టి జారుతోందని అనుకుంటాం. కానీ అదే వజ్రాన్ని గాలిలేని చోట వజ్రంతో రుద్దితే రాపిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది! ఎందుకంటే వజ్రం అంచున ఉన్న కార్బన్ పరమాణువులకు ఒక చేయి, అంటే పక్క పరమాణువును పట్టుకునే ఒక బంధం, ఖాళీగా ఉంటుంది. మామూలు గాలిలో హైడ్రోజనో, తేమ నుంచి వచ్చిన ఓ ముక్కో ఆ చేతిని పట్టుకుంటుంది. రాపిడికి అది ఊడినా తేమ మళ్లీ భర్తీ చేస్తుంది. శూన్యంలో భర్తీ చేసేవాళ్లు లేరు, కాబట్టి ఇటు చేయి అటు చేతిని పట్టుకుంటుంది. అంటే నునుపులో సగం పుణ్యం గాలిలోని తేమదే. వజ్రం తోబుట్టువు గ్రాఫైట్‌దీ ఇదే బలహీనత. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాగా ఎత్తున, పొడి గాలిలో ఎగిరిన విమానాల జనరేటర్లలో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటును అందించే గ్రాఫైట్ ముక్కలు, అంటే కార్బన్ బ్రష్షులు, చూస్తుండగానే పొడైపోయాయి.

ఇక అరుగుదల. అల్యూమినియం-సిలికాన్ మిశ్రమాలను, కార్బన్ ఫైబర్‌ను కోయడానికి ఈ పూత అద్భుతం. ఉక్కు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకూడదు. కోత వేడికి వజ్రంలోని కార్బన్ ఇనుములో కరిగిపోతుంది.

నిజానికి పూత అరిగి పాడైన సందర్భాలకన్నా, సున్నం గోడలా పెచ్చులూడి పాడైనవే నాకు ఎక్కువ ఆసక్తికరం. చల్లారేటప్పుడు కింది లోహం బాగా కుంచించుకుంటుంది, వజ్రం అంతగా కుంచించుకోదు. ఆ ఒత్తిడి అతుకు మీద పడుతుంది. పైగా టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పదార్థపు రేణువులతో చేసిన పనిముట్లలో ఆ రేణువులను పట్టి ఉంచే కోబాల్ట్ లోహం, పైన పెరగబోయే వజ్రాన్ని గ్రాఫైట్‌గా మార్చేస్తుంది. అందుకే పూత వేయడానికి ముందే పనిముట్టును ఆమ్లంలో ముంచి పైపొరలోని కోబాల్ట్‌ను తీసేస్తారు. మరీ లోతుగా తీస్తే పనిముట్టు అంచే పెళుసవుతుంది.