ఈ నెల చదివిన నాలుగు నవలలు: రెండు థ్రిల్లర్లు, రెండు మన చిత్తూరువి

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి ఈ నెల పుస్తకాలతో వచ్చేశాను. నాలుగు నవలలు. రెండు బయటి దేశాలవి, రెండు మన చిత్తూరు జిల్లావి. ముందే ఒక మాట చెప్పేస్తాను. వీటిలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టినవి షాపులో థ్రిల్లర్ల అరలో కనబడవు.

మొదట అగాథా క్రిస్టీ రాసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. 1939 నాటిది. చాలామంది చదివే ఉంటారు కాబట్టి తొందరగా ముగిస్తాను. ఒక దీవి, ఒక ఇల్లు, పదిమంది మనుషులు. పిలిచినవాళ్లు మాత్రం ఎక్కడా కనబడరు. రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ మోగుతుంది. ఎవరు ఎవరి చావుకు కారణమో పేరుపేరునా చదువుతుంది. బల్ల మీద పది బొమ్మలుంటాయి, ఒక మనిషి పోయినప్పుడల్లా ఒక బొమ్మ మాయమవుతుంది. అల్లికలో వంక పెట్టడానికి లేదు. కానీ వేరా అనే అమ్మాయి తప్ప ఇంకెవరు పోయినా నాకు ‘అయ్యో’ అనిపించలేదు. తర్వాత ఎవరి వంతు అని లెక్కపెట్టుకుంటూ చదివానంతే.

రెండోది జపాన్ రచయిత కీగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపనీస్‌లో 2005లో పుస్తకంగా వచ్చింది, నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. కరీనా కపూర్ నటించిన హిందీ సినిమా ‘జానే జాన్’ దీన్నుంచి వచ్చిందే. ఇందులో హత్య ఎవరు చేశారో మొదట్లోనే తెలిసిపోతుంది. వేధిస్తున్న మాజీ భర్తను యాసుకో, ఆమె కూతురు కలిసి చంపేస్తారు. పక్క ఇంట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి, నేను చూసుకుంటాను అంటాడు.

ఒక్క చిన్న వివరం చెబుతాను. యాసుకో లంచ్ బాక్సులు అమ్మే షాపులో పనిచేస్తుంది. ఇషిగామి రోజూ అక్కడే కొనుక్కుంటాడు, ఆమె పనికి రాని రోజు మాత్రం అటు రాడు. షాపువాళ్లు అది కనిపెట్టేస్తారు. ఆయన మాత్రం ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడడు. ఇది తెలిశాక పోలీసులు ఆయన తలుపు తట్టిన ప్రతిసారీ నాకు గుండె దడదడలాడింది. మధ్యలో విచారణ కాస్త సాగుతుంది, ఓపిక పట్టండి. ఆఖరి భాగం తెలుసుకోకుండా చదవండి, ఎవరు చెప్పబోయినా ఆపేయండి.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. డాక్టర్ కేశవరెడ్డిగారిది చిత్తూరు జిల్లా తలుపులపల్లె. వైద్యుడిగా ఎన్నో ఏళ్లు నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు చికిత్స చేశారు. 2015లో కన్నుమూశారు. ఎక్కడో నిజామాబాద్‌లో ఉంటూ రాసింది మాత్రం మన పల్లెల్నే.

‘అతడు అడవిని జయించాడు’ ఒక్క రాత్రి కథ. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందతో పాటు ఇంటికి రాదు. దాన్ని వెతుక్కుంటూ ముసలాయన పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. చుట్టూ నక్కలు. ఏ పందిని కాపాడాలని వచ్చాడో అది కూడా ఆయన్ని నమ్మదు, దగ్గరికి పోతే మీదికొస్తుంది. హంతకుడు లేడు, పోలీసులు లేరు. అయినా పేజీ తిప్పకుండా ఉండలేం. ఆ ముసలాయన బతుకంతా ఆ పందితో ముడిపడి ఉంది కాబట్టి, చీకట్లో ఆకు కదిలినా మనకు భయమేస్తుంది.

‘మునెమ్మ’ అయితే అచ్చంగా క్రైమ్ కథే. గిత్తను అమ్మడానికి పోయిన మొగుడు తిరిగి రాడు. ఏమయ్యాడో తేల్చుకోవడానికి మునెమ్మే బయల్దేరుతుంది. తోడుగా సినబ్బ, కథ చెప్పేది కూడా అతనే. చదువుకోని ఒక పల్లె ఆడమనిషి ఒక్కొక్కరినీ కదిలించి నిజం రాబట్టే తీరు చూస్తే, ఇంత మంచి డిటెక్టివ్‌ను మనం డిటెక్టివ్ అని ఎందుకు పిలవలేదా అనిపించింది. ఆమె ఎవరినీ గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించదు. మామూలుగా మాట్లాడుతుంది, వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. ఆ మాటలు మన వైపు పల్లె బస్సులో పక్క సీటులోంచి వినబడేవే. మొదట్లో మొగుడి అనుమానం, కొట్టడం ఉన్న భాగం కొందరికి చాలా ఇబ్బంది పెడుతుంది, ముందే చెబుతున్నా. అది దాటి ముందుకు పోండి.

అందుకే షాపులవాళ్లకూ, లైబ్రరీలవాళ్లకూ నా విన్నపం. ఈ రెండు పుస్తకాలనూ ఒక్కో కాపీ థ్రిల్లర్ల అరలో కూడా పెట్టండి. ‘సాహిత్యం’ అని రాసి ఉన్న అర వైపే రాని పిల్లలు చాలామంది ఉన్నారు. క్రిస్టీ కోసం వచ్చినవాళ్ల చేతికి మునెమ్మ తగలాలి.

ఏది ముందు చదవాలని అడిగితే, అడవి నవలతో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం, సాయంత్రం కూర్చుంటే పడుకునేలోపు అయిపోతుంది. మరుసటి రోజు మునెమ్మ. హిగాషినో ఆదివారానికి పెట్టుకోండి. వచ్చే నెల కేశవరెడ్డిగారిదే, భూమి పోగొట్టుకున్న రైతు కథ ‘మూగవాని పిల్లనగ్రోవి’తో వస్తాను. ఉంటానండీ.