పురుగు కాయలోకి పోయాక మందు కొడితే ఏం లాభం?

నమస్తే చెల్లెళ్లూ. "పదమూడేళ్ల పిల్లకు ఆ టీకా ఎందుకే, పెళ్లయ్యాక చూద్దాంలే." ఈ మాట మా ఊళ్లో ఎన్నిసార్లు విన్నానో, విన్న ప్రతిసారీ కడుపు మండుతుంది. అందుకే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే ఆ టీకా గురించి ఈ వీడియో.

మన నల్గొండలో పత్తి చేను తెలియని ఇల్లు తక్కువ గదా. గులాబీ పురుగును గుర్తు తెచ్చుకోండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు సన్నటి రంధ్రం చేసుకుని కాయలోకి దూరుతుంది, ఆ రంధ్రమేమో మూసుకుపోతుంది. పోయినేడు మా అమ్మ నిండుగా ఉన్న పచ్చి కాయను బొటనవేళ్లతో చీల్చి చూపించింది. లోపల దూది రంగు మారి, గింజ డొల్లయి, మధ్యలో గులాబీ రంగు పురుగు. ఇంక ఎన్ని డబ్బాలు కొట్టినా మందు దానికి తగలదు.

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ కూడా అంతే. దాదాపు అన్ని కేసులకూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అందులోనూ 16, 18 అనే రెండు రకాల వల్లే నూటికి 70 దాకా వస్తాయి. లైంగిక సంబంధంతో సోకుతుంది, సిగ్గుపడి దాటేసే మాట కాదిది. చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోయి 15, 20 ఏళ్లకు క్యాన్సర్ కావచ్చు. అన్నేళ్లూ నొప్పి ఉండదు, పైకి పచ్చటి కాయే.

టీకా వైరస్‌ను రాకుండా ఆపుతుంది, లోపలికి పోయినదాన్ని చంపలేదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించమనేది అందుకే, పిల్ల మీద అనుమానంతో కాదు. పైగా ఆ వయసులో ఒళ్లు టీకాకు బాగా స్పందిస్తుంది. ఈ టీకా వేయిస్తే పిల్లలు పుట్టరన్నది పచ్చి అబద్ధం. అందులో ఉండేది వైరస్ పైపెంకు లాంటి ప్రోటీన్ మాత్రమే, దాంతో జబ్బు రాదు. చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పి పెడుతుంది, కొందరికి కాస్త జ్వరం, చాలామందికి అంతే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 15 దాటినా వేయించుకోవచ్చు, డోసులు ఎన్నో డాక్టర్ చెబుతారు. మన దేశంలో తయారైన సెర్వావాక్ అనే టీకా కూడా ఉంది. టీకా అన్ని రకాలనూ ఆపదు కాబట్టి 30 దాటాక పరీక్ష తప్పదు. వెనిగర్ లాంటి పలుచటి ద్రవం పూసి, తెల్లబడ్డ చోటు ఉందేమో చూస్తారు, చేనులో నాలుగు కాయలు కోసి చీల్చి చూసినట్టే. ముందే దొరికితే క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు. నెలసరి కాని రోజుల్లో రక్తం పడినా, ముట్లుడిగాక పడినా ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఈ రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మను అడగండి: "అమ్మా, నువ్వు ఆ పరీక్ష చేయించుకున్నావా?"