‘బ్లడీ’: తిట్టా, తీవ్రతా?

నిర్వాహకురాలు: నమస్కారం. ఇంగ్లీషు సినిమాలో ఒక పాత్ర స్నేహితుడి పాట విని ‘బ్లడీ గుడ్’ అంటుంది. మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? ఈ రోజు చర్చంతా ఆ ఒక్క మాట మీదే. ఇంగ్లీషు అధ్యాపకులు ఒకరు, సబ్‌టైటిళ్లు రాసే అనువాదకురాలు ఒకరు మనతో ఉన్నారు. మాస్టారూ, మీరు మొదలుపెట్టండి.

అధ్యాపకుడు: మెచ్చుకోలేనండీ, సందేహం అక్కర్లేదు. అక్కడ రక్తం ప్రసక్తి లేదు, ఎవరినీ తిట్టడమూ లేదు. పక్కనున్న మాటకు బలం ఇవ్వడమే దాని పని. ‘భలే బాగుంది’ అన్నప్పుడు ‘భలే’ చేసే పని అదే. పైగా ‘వెరీ’ వెళ్లలేని చోట్లకు ఇది వెళ్తుంది. ‘ఐ బ్లడీ టోల్డ్ యూ’ అంటే ‘నేను ముందే చెప్పానా లేదా!’ అని గట్టిగా అడగడం. ఒక్కోసారి మాట మధ్యలోకే దూరుతుంది: ‘ఫ్యాన్‌బ్లడీటాస్టిక్’. అదీ ఇష్టం వచ్చిన చోట కాదు, సాధారణంగా ఊనిక పడే అక్షరానికి ముందే. ఆ అమరిక నాకు ఎంతో ఇష్టం.

అనువాదకురాలు: మాస్టారు చెప్పింది నిజమే, కానీ నా బాధ వేరు. ఈ మాట వినపడగానే ‘దరిద్రపు’, ‘నికృష్టపు’ అని రాసేస్తున్నారు. అవ్వ మనవడితో ‘యూ ఆర్ బ్లడీ బ్రిలియంట్’ అంటే, తెరమీద తిట్టు కనబడుతుంది! ఆమె ముఖంలో ఉన్న ప్రేమకూ కింద ఉన్న అక్షరాలకూ పొంతన ఉండదు. ఆ పాత్రకు అన్యాయం జరిగినట్టే. అక్కడ ‘ఎంత తెలివిగలవాడివిరా!’ చాలు. చలి గురించైతే ‘చచ్చేంత చలి’. తలుపు తెరుచుకోక విసుక్కుంటుంటే మాత్రం ‘ఈ వెధవ తలుపు’ సరిగ్గా సరిపోతుంది. మాట ఒకటే, రాసేది మూడు రకాలు.

నిర్వాహకురాలు: మరి దీనికి చెడ్డపేరు ఎలా వచ్చింది? రక్తం వల్లనేనా?

అధ్యాపకుడు: ‘బై అవర్ లేడీ’ అనే మేరీమాత ఒట్టు నుంచి పుట్టిందని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ పండితులు దాన్ని నమ్మరు. 17వ శతాబ్దిలోనే ఇది తీవ్రతకు వాడుకలో ఉంది. ‘గలివర్స్ ట్రావెల్స్’ రచయిత జొనాథన్ స్విఫ్ట్, ఆయన మతాచార్యుడు కూడా, 1711లో రాసిన ఒక లేఖలో ఆ రోజు నడకలో ఎండ ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి ఈ మాటే వాడాడు. ఆ తర్వాతే మర్యాదస్తులు దీన్ని వెలివేశారు. అచ్చులో మధ్య అక్షరాలు తీసేసి గీత పెట్టేవారు.

అనువాదకురాలు: ఆ తర్వాత 1914 వచ్చింది!

అధ్యాపకుడు: అవును. ఆ ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మాలియన్’ ఆడింది. పూలమ్మే ఎలైజాకు పెద్దింటి ఉచ్చారణ నేర్పించారు. నడిచి వెళ్తారా అని అడిగితే, ఆ నాజూకు ఉచ్చారణతోనే ‘నాట్ బ్లడీ లైక్లీ’ అంటుంది, అంటే ‘ఆ మాటే లేదు’ అని. ప్రేక్షకులు నవ్వు ఆపుకోలేకపోయారు, పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ మాట పలకడానికి జంకేవాళ్లు కొన్నాళ్లు ‘నాట్ పిగ్మాలియన్ లైక్లీ’ అనుకున్నారు. అదే నాటకం 1956లో ‘మై ఫెయిర్ లేడీ’ సంగీత నాటకమయ్యే సరికి ఆ పదంలో పస తగ్గింది. గుర్రప్పందెం సన్నివేశంలో ఎలైజా నోట మరో మొరటు మాట పెట్టాల్సి వచ్చింది. నలభై రెండేళ్లలో ఒక తిట్టు ఎంత అరిగిపోయిందో చూడండి.

నిర్వాహకురాలు: అన్ని దేశాల్లోనూ అంతే అరిగిందా?

అనువాదకురాలు: లేదండీ. ఆస్ట్రేలియాలో ఇది దాదాపు ఇంటి మాట. 2006లో అక్కడి పర్యాటక శాఖ ‘మీరెక్కడ ఉన్నారు?’ అనే ప్రశ్నలో ‘బ్లడీ హెల్’ చేర్చి ప్రపంచమంతా ప్రకటన చేసింది. బ్రిటన్‌లో టీవీ ప్రకటనలను పరిశీలించే సంస్థ మొదట ఆ మాటను ఒప్పుకోలేదు, తర్వాత సడలించింది. అమెరికన్లు దీన్ని పెద్దగా వాడరు. వాళ్ల నోట వినిపిస్తే బ్రిటిష్‌వారిని అనుకరిస్తున్నట్టు ఉంటుంది.

నిర్వాహకురాలు: ఇంగ్లీషు నేర్చుకునేవారు వాడవచ్చా?

అధ్యాపకుడు: వద్దంటాను. పెద్దల ముందు, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, లేఖలో అసలే వద్దు. బ్రిటన్‌లోనూ చాలామంది తల్లిదండ్రులు పిల్లల నోట దీన్ని సహించరు. అందుకే ‘బ్లూమింగ్’, ‘రడీ’, ‘బ్లింకింగ్’ లాంటి మెత్తని మాటలు పుట్టాయి.

అనువాదకురాలు: నేను అంత గట్టిగా వద్దనను. దగ్గరి స్నేహితులు మీతో అలా మాట్లాడుతుంటే మీరూ అనవచ్చు. అయితే మనిషిని సూచించే నామవాచకం ముందు పెట్టకండి. ‘బ్లడీ గుడ్’ ఆనందం, ‘బ్లడీ ఫూల్’ మాత్రం నిఖార్సైన తిట్టు.

అధ్యాపకుడు: ఆ తేడా ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా చెప్పాలి. వాక్యం చివర ‘షర్ట్ ఈజ్ బ్లడీ’ అంటే తీవ్రత కాదు, చొక్కాకు నిజంగానే నెత్తురు అంటిందని. ‘బ్లడీ బ్యాటిల్’ అంటే నెత్తురు పారిన యుద్ధమా, విసుగు పుట్టించిన గొడవా అన్నది సందర్భమే చెప్పాలి. సబ్‌టైటిల్ రాసేవాళ్లు ముందూ వెనుకా వాక్యాలు వినకుండా అక్కడ కలం పెట్టకూడదు.

అనువాదకురాలు: ఆ రెండో అర్థంలో వచ్చిన చోట నేనైతే ‘పాడు గొడవ’ అని రాస్తాను.