పోయింది రుచి కాదండీ, వాసన! నాలుగు సీసాలతో ముక్కుకి మళ్లీ పాఠాలు

అందరికీ నమస్తే అండీ. ఇవాళ కౌంటర్ మీద వంట లేదు, నాలుగు చిన్న సీసాలే. కోవిడో, గట్టి జలుబో వచ్చి తగ్గి నెలలైనా ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉందనేవాళ్ల కోసం ఈ వీడియో.

ముందు చిన్న పరీక్ష. పంచదారలో చిటికెడు ఏలకుల పొడి కలపండి. ముక్కు గట్టిగా మూసుకుని నాలుక మీద వేసుకోండి. తీపి తెలుస్తుంది, ఏలక్కాయ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. మామూలుగా అయితే ఏలక్కాయ గుప్పుమంటుంది. తీపి తెలిసి అది మాత్రం రాలేదంటే, నాలుక బాగానే ఉంది, దెబ్బతిన్నది ముక్కు. కరోనా వైరస్ ఎక్కువగా పట్టేది వాసన నరాలకు ఆసరాగా ఉండే కణాలను. అవి దెబ్బతింటే నరాలూ మూగబోతాయి. అదృష్టం ఏంటంటే, ఆ నరాల కణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి.

ఇక సీసాలు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పరిశోధకుడు థామస్ హమ్మెల్ బృందం, వాసన పోయినవాళ్ల ముక్కుకి మళ్లీ తర్ఫీదు ఇవ్వడానికి వాడిన నాలుగు వాసనలూ ఇవే. రంగు గాజు సీసా అడుగున దూది పెట్టి, 4–5 చుక్కల ఎసెన్షియల్ ఆయిల్ వేసి, పేరు రాసి మూత బిగించండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఒక్కోదాన్ని 20 సెకన్లు, కుందేలు పీల్చినట్టు చిన్న చిన్నగా పీల్చాలి. మధ్యలో కాసేపు ఆగండి. పీల్చేటప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి, ఫోన్ చూస్తూ చేస్తే దండగ. నూనె చర్మానికి తగలనివ్వొద్దు, లవంగ నూనె మండుతుంది. కనీసం 12 వారాలు చేయాలి. చాలామంది రెండో వారంలోనే మానేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు.

ఇంకో మోసం ఉంది. నీలగిరి పీల్చగానే చల్లగా తగిలితే "వచ్చేసింది!" అనుకుంటారు. అది వాసన కాదు, ముఖంలో స్పర్శ తెలిపే వేరే నరం పని. ఆవకాయలో ఆవ ఘాటు ముక్కుకెక్కడమూ అంతే. అందుకే లెక్క గులాబీతో చూసుకోండి. గులాబీలో ఘాటు దాదాపు ఉండదు, తెలిసిందంటే నిజంగా తెలిసినట్టే.

కొందరికి రెండు మూడు నెలల తర్వాత వాసన వస్తుంది, కానీ వంకరగా. కాఫీ, వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, వేపుడు మాంసం అన్నీ కుళ్లు కంపు. దీన్ని పారోస్మియా అంటారు. భయంగా ఉన్నా, నరాలు మళ్లీ అల్లుకుంటున్నాయనడానికి ఇది గుర్తు కావచ్చు. ఆ రోజుల్లో వేడి వేడిగా వడ్డించొద్దు, ఆవిరితోనే కంపు లేస్తుంది. చల్లని పెరుగన్నం, దోసకాయ ముక్కలు, కరకరలాడేవి నయం. రుచి తెలియట్లేదని ఉప్పు పెంచకండి, నిమ్మరసం పిండండి.

పోపు ఇక కంటితో, చెవితో. ఆవాల చిటపట తగ్గాక, మినప్పప్పు ఎర్రబడగానే దించేయాలి. మాడు వాసన వచ్చేదాకా చూద్దామంటే కుదరదు మరి. ఫ్రిజ్ డబ్బాల మీద తేదీ అంటించండి, నాలుగు రోజులు దాటిన సాంబారు పారేయండి.

గ్యాస్ డిటెక్టర్ తప్పనిసరి. అమెరికా ఇళ్లలో పైపు గ్యాస్ గాలికన్నా తేలిక, కాబట్టి సీలింగ్ దగ్గర బిగించాలి. ఊళ్లో అమ్మానాన్నలకి వాసన పోతే అక్కడి సిలిండర్ గ్యాస్ బరువు, నేల దగ్గర పెట్టించండి. లీకు తెలియాలని కలిపే మెర్కాప్టాన్ కంపు వాళ్లకి అందదు కదా.

జింక్ ముక్కు జెల్‌ల జోలికి పోవద్దు. వాటితో వాసన పోతోందని 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. స్టెరాయిడ్ కలిపి ముక్కు కడగడం లాంటివి డాక్టరు చెప్తేనే. జలుబూ జ్వరం ఏమీ లేకుండా వాసన పోయినా, ఒక్క పక్కే పోయినా, సీసాలు పక్కన పెట్టి ముందు ఈఎన్‌టీకి చూపించండి.