విటమినూ, దాని విరోధీ

శ్రోతలకు నమస్కారం.

శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే మనవాళ్లు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి చెబుతారు, బోదకాలు మందు గురించి చెబుతారు. క్యాన్సర్ మాట ఎక్కడో చివర్లో వస్తుంది. ఈరోజు నేను ఆ సంగతే ఎక్కువ చెబుతాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది.

1922లో బోస్టన్ చేరారు. పొట్టకూటికి రాత్రిళ్లు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. రసాయనాలు కలపగానే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. 1925 నాటి ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ఆ ఇద్దరి పేర్లతోనే చదువుతారు. కండరాల్లో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. ఆ దారిలోనే వాళ్లకు దొరికాయి. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు పర్మనెంటు పోస్టు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి, అక్కడ పరిశోధన డైరెక్టరయ్యారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. తోబుట్టువులకు మాత్రం అందలేదు.

అసలు మలుపు ఇక్కడుంది. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్, లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా మందులిస్తే జబ్బు ఇంకా ముదురుతోందని గమనించాడు. కణం రెండుగా చీలాలంటే ఈ విటమిన్ కావాలి. మరి దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు గారి కెమిస్టులు అప్పటికే విటమిన్‌ను పోలిన నకిలీలు తయారుచేస్తున్నారు. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌లో తేడా అంతా ఒక్కచోటే: ఆక్సిజన్ ఉండాల్సిన స్థానంలో నైట్రోజన్ గుంపు. కణంలోని ఎంజైమ్ దాన్ని అసలుదనుకుని పట్టుకుంటుంది, ఇక తన పని చేయలేదు.

ఆ అమైనోప్టెరిన్‌ను పిల్లలకు ఇచ్చి చూసి, 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు వెనక్కి తగ్గింది. తాత్కాలికమే, కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు గుండెపోటుతో పోయారు. వయసు 53. మళ్లీ ఇండియా చూడలేదు. ఆయన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన భార్య శేషగిరి గారి గురించి మనం తక్కువే మాట్లాడుకుంటాం.

అమైనోప్టెరిన్‌కు చెల్లెలి లాంటి మెథోట్రెక్సేట్‌తో 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను నయం చేయగలిగారు. ఇప్పుడు దాన్ని లుకేమియాకే కాదు, కీళ్లవాతానికీ వాడుతున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతానికి డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే, దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి సాధారణంగా పక్కనే ఫోలిక్ యాసిడ్ కూడా కనిపిస్తుంది చూడండి. కీళ్లవాతానికైతే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి.