కాలువ చెడితే డబ్బు ఎవరికి?

(తెరపై: యానాం రేవు, తెల్లవారుజాము. గిన్నెలో వెండిపోగుల్లా చిన్న చేపలు.)

ఇది చీరమేను. తూర్పు గాలులు తిరిగాక, గోదావరి సముద్రంలో కలిసే చోట చీరగుడ్డ పట్టి తీస్తారు, అందుకే ఆ పేరు. దీనికి తూకం లేదు. సేరుతోనో గ్లాసుతోనో కొలిచి పోస్తారు.

ఇప్పుడు ఎగువన ఓ పైపు పగిలి ముడి చమురు కాలువ నీళ్లలో కలిసిందనుకుందాం. రొయ్యల చెరువు రైతు దగ్గర సీడు బిల్లుంది, మేత బిల్లుంది. నష్టం రాసుకోవచ్చు. చెరువు కౌలుకి చేస్తుంటే మాత్రం కాగితం భూమి యజమాని పేరున ఉంటుంది, అదో తలనొప్పి. మరి రేవులో సేరు కొలిచే ఆవిడకి బిల్లెక్కడిది? ఏట్లో చేప ఎవరి ఆస్తి?

ఎవరిదీ కాదు, అందరిదీ. చిక్కంతా అక్కడే.

(తెరపై: మంటల్లో గ్యాస్ బావి, బొమ్మ గీసి.)

1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పటికి పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ లేదు. 2010 చట్టంతో వచ్చింది. దాని 15వ సెక్షన్‌లో మూడు సంగతులున్నాయి: బాధితులకు పరిహారం, పాడైన ఆస్తి బాగుచేత, పాడైన పర్యావరణం బాగుచేత. ఆ మూడోదే మన కాలువ. 17వ సెక్షన్ ప్రకారం కంపెనీ అజాగ్రత్తని మనం నిరూపించక్కర్లేదు. ప్రమాదం దానివల్ల జరిగిందంటే చాలు. విశాఖలో గ్యాస్ లీకైన మర్నాడే, 2020 మే 8న, ఎవరూ పిటిషన్ వేయకుండానే ట్రిబ్యునల్ ఎల్జీ పాలిమర్స్ కంపెనీని 50 కోట్లు కట్టమంది.

కానీ ఒక మెలిక. పర్యావరణానికి జరిగిన నష్టం కింద వేసిన సొమ్ము 24వ సెక్షన్ ప్రకారం పర్యావరణ సహాయ నిధికి పోతుంది. ఊరికి నేరుగా రాదు. అందుకే నా మాట: దరఖాస్తులో ‘ఇంత డబ్బు’ అని రాసి ఊరుకోకండి. ఈ కాలువలో పూడిక తీయాలి, ఈ మడ చెట్లు మళ్లీ నాటాలి అని పనులు పేరుపేరునా అడగండి. అలాస్కాలో 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికితే, 1991 ఒప్పందంలో 90 కోట్ల డాలర్లు రాబట్టి, అందులో ఎక్కువ భాగం సముద్రాన్ని, తీరాన్ని బాగుచేసే పనులకి వాడారు.

పరిహారం దరఖాస్తుకి గడువు ఐదేళ్లు. ఫీజు అడిగిన సొమ్ములో ఒక శాతం, కనీసం వెయ్యి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజే లేదు. యానాం పుదుచ్చేరిది, ఎదురుగా ఎదుర్లంక ఆంధ్రాది, అయినా రెండింటికీ ట్రిబ్యునల్ చెన్నై బెంచే.

(తెరపై: రూళ్ల పుస్తకం, పెన్ను.)

ప్రమాదం జరిగాక సాక్ష్యం వెతకడం కష్టం. రేవులో ఒక పుస్తకం పెట్టండి. ఏ తేదీన ఎవరు ఎన్ని సేర్లు అమ్మారో రాయండి. ఇదిగో, మొదటి వరస: కార్తీకం, సోమవారం, నాలుగు సేర్లు.